ఓక్లాండ్ రాసిచ్చిన కాగితం

1998 వేసవిలో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగర కౌన్సిల్ ఓ వింత పని చేసింది. ఊరి నడిబొడ్డున బ్రాడ్‌వే వీధిలో గంజాయి అమ్ముతున్న సంఘాన్ని తన ప్రతినిధిగా ప్రకటించింది. ఆ సంఘం పేరు ఓక్లాండ్ క్యానబిస్ బయ్యర్స్ కోఆపరేటివ్. మన పాలసంఘాల్లాగే అదీ సభ్యుల సహకార సంఘం. కాకపోతే అందులో చేరాలంటే డాక్టరు సిఫారసు ఉండాలి. క్యాన్సరు, ఎయిడ్స్, తగ్గని నరాల నొప్పి ఉన్నవాళ్లు చేరి, అక్కడే సరుకు కొనుక్కునేవాళ్లు. దాన్ని నడిపిన జెఫ్ జోన్స్‌కు అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. పద్నాలుగేళ్ల వయసులో తండ్రిని క్యాన్సరుకు పోగొట్టుకుని సౌత్ డకోటా నుంచి వచ్చిన కుర్రాడు.

నగరం అలా ప్రకటించడం వెనక ఒక వకీలు బుర్ర పనిచేసింది. అమెరికాలో గంజాయిని నిషేధించే కేంద్ర చట్టం 1970 నాటిది. అందులో ఎవరూ పెద్దగా చదవని ఓ మూల సెక్షన్ ఉంది. మత్తుమందులకు సంబంధించిన చట్టాన్ని గానీ, మున్సిపల్ ఆర్డినెన్సును గానీ అమలు చేసే పనిలో ఉన్న అధికారిపై ఈ చట్టం కింద కేసు పెట్టకూడదన్నది దాని సారం. మారువేషంలో సరుకు కొనే పోలీసులు తామే ముద్దాయిలైపోకుండా కాపాడటానికి రాసుకున్న సెక్షన్ అది. ఓక్లాండ్ వాళ్లు దాన్ని తిరగేసి చదివారు. రోగులకు గంజాయి అందించాలని మేం ఆర్డినెన్సు చేస్తాం, దాన్ని అమలు చేసే బాధ్యత ఈ సంఘానికి అప్పగిస్తాం, అప్పుడు వీళ్లూ అధికారులే కదా అన్నారు.

ఆ ఎత్తు పారలేదు. అయినా నేను కథను ఇక్కడే మొదలుపెడుతున్నాను. గంజాయి దుకాణాన్ని కనిపెట్టింది ఎవరంటే చాలా పేర్లు వినిపిస్తాయి. ఆ దుకాణానికి గోడ మీద తగిలించే పర్మిట్ కాగితాన్ని కనిపెట్టింది మాత్రం మున్సిపాలిటీ. పై రెండు ప్రభుత్వాల్లో ఒకటి వద్దంటుంటే, ఇంకొకటి నోరు మెదపకుంటే, చెత్త ఎత్తించడానికీ వీధి దీపాలు వేయించడానికీ ఉన్న కార్యాలయం ఆ పని చేసింది.

వంతెన అవతల శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ కథకు పునాది ముందే పడింది. 1980లలో ఆ నగరాన్ని ఎయిడ్స్ కబళించింది. మందు లేదు. ఆకలి చచ్చి, తిన్నది నిలవక, కుర్రాళ్లు ఎముకల గూళ్లయ్యారు. గంజాయి పీలిస్తే వాంతులు ఆగి నాలుగు ముద్దలు దిగుతున్నాయని వాళ్లే ఒకరికొకరు చెప్పుకున్నారు. మేరీ జేన్ రాత్‌బన్ అనే పెద్దావిడ గంజాయి కలిపిన బ్రౌనీలు, అంటే చాక్లెట్ కేకు ముక్కలు, ఇంట్లో కాల్చి శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ ఆస్పత్రిలోని ఎయిడ్స్ రోగులకు పంచేది. ఊరంతా ఆమెను ‘బ్రౌనీ మేరీ’ అని పిలిచేది. పోలీసులు మూడుసార్లు అరెస్టు చేశారు. 1992లో మూడోసారి పట్టుకున్న కొద్ది వారాలకే నగర పాలకులు ఆగస్టు 25ను ‘బ్రౌనీ మేరీ దినం’గా ప్రకటించారు. పోలీసులకు ముద్దాయి, నగరానికి సన్మానితురాలు: ఒక్క మనిషిలోనే ఈ రెండూ ఇమిడాయి. తర్వాతి పాతికేళ్ల కథ ఇంచుమించు ఇదే తీరు.

అదే ఊళ్లో డెనిస్ పెరాన్ తన సహచరుణ్ని 1990లో ఎయిడ్స్‌కు పోగొట్టుకున్నాడు. రోగుల కోసం గంజాయి క్లబ్బు పెట్టాడు. 1996 ఆగస్టులో రాష్ట్ర అటార్నీ జనరల్ మనుషులు దాని మీద దాడి చేసి తలుపులు మూయించారు. ఆ ఏడాది నవంబరు 5న జరిగిన ఓటింగులో ‘ప్రపొజిషన్ 215’ 55 శాతానికి పైగా ఓట్లతో గెలిచింది. డాక్టరు సిఫారసు ఉన్న రోగి గంజాయి దగ్గర ఉంచుకోవచ్చు, పెంచుకోవచ్చు అన్నది దాని మాట. మరి విత్తనం నాటి పైరు చేతికొచ్చేదాకా కీమోథెరపీ రోగి ఏం చెయ్యాలి? ఎక్కడ కొనాలి? ఆ సంగతి చట్టంలో లేదు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఏదైనా పథకం ఆలోచించాలని ఒక ప్రోత్సాహ వాక్యం మాత్రం ఉంది. పొయ్యి ఇచ్చి కట్టెలు ఎవరినైనా అడగమన్నట్టు.

కట్టెలు అడగడానికి జనం వెళ్లేది దగ్గర్లో ఉన్న కార్యాలయానికే కదా.

కేంద్ర ప్రభుత్వం 1998 జనవరిలోనే ఉత్తర కాలిఫోర్నియాలోని ఆరు క్లబ్బుల మీద దావా వేసింది. కేసు చార్లెస్ బ్రయర్ అనే న్యాయమూర్తి ముందుకు వచ్చింది. ఓక్లాండ్ ‘అధికారి’ వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. కేంద్ర చట్టాన్ని మీరే మీరుతూ, అమలు చేస్తున్నామని ఎలా అంటారన్నది ఆయన తర్కం. అక్టోబరులో సంఘం తలుపులు మూసుకుంది. నగర కౌన్సిల్ అంతటితో ఊరుకోలేదు. ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. వరదొస్తేనో భూకంపమొస్తేనో వాడే అస్త్రాన్ని ఒక దుకాణం మూతపడినందుకు తీసింది. కేసు సుప్రీంకోర్టుకెక్కింది. 2001 మే 14న తీర్పు ఓక్లాండ్ సంఘానికి వ్యతిరేకంగా వచ్చింది, 8-0. తొమ్మిదో న్యాయమూర్తి స్టీఫెన్ బ్రయర్ కేసు నుంచి తప్పుకున్నారు. కింది కోర్టులో విచారించింది ఆయన సొంత తమ్ముడే మరి.

తమ్ముడు బ్రయర్ ముందుకే 2003లో ఇంకో కేసు వచ్చింది. గంజాయి సాగు మీద పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్న ఎడ్ రోసెంతాల్ ఓక్లాండ్ ఆర్డినెన్సు కిందే, నగరం తరఫు మనిషిగానే, రోగుల కోసం మొక్కలు పెంచాడు. 2002 ఫిబ్రవరిలో కేంద్ర అధికారులు పట్టుకెళ్లారు. విచారణలో నగరం పేరెత్తడానికి వీల్లేదన్నారు. జ్యూరీ ఏమీ తెలియకుండానే దోషి అని తేల్చింది. బయటికొచ్చాక అసలు సంగతి తెలిసి జ్యూరీ సభ్యులు కొందరు, మమ్మల్ని మోసం చేశారంటూ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఏళ్ల తరబడి జైలు పడుతుందనుకున్న మనిషికి బ్రయర్ వేసిన శిక్ష ఒక్క రోజు. అది అతను అరెస్టయినప్పుడే గడిచిపోయింది. చట్టం ఒక పక్కకు లాగుతుంటే న్యాయమూర్తి మనసు ఇంకో పక్కకు ఎంత లాగిందో ఆ ఒక్క రోజు శిక్షే చెబుతోంది.

దక్షిణాన సముద్రపు ఒడ్డున శాంటాక్రజ్‌లో 2002 సెప్టెంబరులో కేంద్ర పోలీసులు ఒక రోగుల సంఘం తోటను నరికేశారు. రెండు వారాలు తిరక్కుండానే ఆ సంఘం వాళ్లు నగర కార్యాలయం ముందు, పట్టపగలు, విలేకర్ల ఎదుట రోగులకు గంజాయి పంచారు. కౌన్సిల్ సభ్యులు పక్కనే నిలబడ్డారు. తర్వాతి ఏడాది ఆ నగరమూ, ఆ కౌంటీ కూడా కేంద్రం మీద కోర్టుకెళ్లిన రోగులతో చేయి కలిపాయి. ఈ కౌంటీ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అధికారి హోదా పనికిరాలేదు, అత్యవసర పరిస్థితీ పనికిరాలేదు. ఈలోగా ఓక్లాండ్ నడిబొడ్డున గంజాయి క్లబ్బులు ఒక్కొక్కటే మొలిచాయి. పాత టెలిగ్రాఫ్ రోడ్డు మొదట్లో, మూతపడ్డ షాపుల మధ్య, చవక అద్దెల్లో ఓ డజను దాకా వచ్చాయి. ఆ పేటకు జనం పెట్టిన పేరు ‘ఓక్‌స్టర్‌డామ్’. ఓక్లాండ్, ఆమ్‌స్టర్‌డామ్ కలిపి కుట్టిన మాట అది. కాఫీషాపు పేరుతో గంజాయి అమ్మే దుకాణాలను చూసీచూడనట్టు వదిలేసిన డచ్చి నగరం ఆమ్‌స్టర్‌డామ్. ఇక్కడా తొలి రోజుల్లో జరిగింది చూసీచూడకపోవడమే. పక్క కొట్టువాళ్లు ఫిర్యాదులు మొదలుపెట్టారు. గుమ్మం ముందు గుంపులు, వాసన, సాయంత్రమయ్యేసరికి కారు ఆపడానికి చోటు దొరకకపోవడం. మత్తుమందుల మీద యుద్ధం సంగతి కౌన్సిల్ చేతిలో లేదు గానీ పార్కింగు గొడవ మాత్రం వాళ్లదే.

2003లో రాష్ట్ర శాసనసభ రోగుల గుర్తింపు కార్డుల గురించి, వాళ్లు కలిసి సాగు చేసుకోవడం గురించి ఒక చట్టం చేసింది. దుకాణాల మాట అందులోనూ తేల్చలేదు. 2004 తొలి నెలల్లో ఓక్లాండ్ తేల్చేసింది. ఊరు మొత్తానికి నాలుగే దుకాణాలు. ప్రతిదానికీ నగరం పర్మిట్ ఉండాలి. బడికి, గ్రంథాలయానికి, పిల్లల కేంద్రానికి వెయ్యి అడుగుల దూరం ఉండాలి. దుకాణంలో పొగ తాగకూడదు. పర్మిట్ ఇచ్చేముందు బహిరంగ విచారణ పెట్టి ఇరుగుపొరుగు మాట వినాలి. మిగతావన్నీ మూసేయాలి.

ఆ జాబితాలో ఒక్క కొత్త మాటైనా ఉందా? లేదు. బారుకు, తుపాకీ కొట్టుకు, అశ్లీల చిత్రాల థియేటరుకు అప్పటికే పెట్టే షరతులే అన్నీ. గుడికీ బడికీ ఇన్ని మీటర్ల దూరంలో వైన్ షాపు ఉండాలని మన ఎక్సైజు నిబంధనల్లో చదువుకున్నవాళ్లకు టేపు పట్టుకుని కొలిచే ఆ బుద్ధి కొత్తగా అనిపించదు. మున్సిపాలిటీకి నేరశాస్త్రం తెలియదు, వైద్యమూ తెలియదు. కొలవడం తెలుసు, లెక్కపెట్టడం తెలుసు, ఎన్నింటికి తెరవాలో ఎన్నింటికి మూయాలో చెప్పడం తెలుసు. చేతిలో ఉన్న ఆ పాత పనిముట్లతోనే ఓక్లాండ్ కొత్త వస్తువును బిగించింది. కేంద్రాన్ని ఎదిరించే గంభీరమైన తీర్మానాలు సాధించలేనిది ఈ పొడి పొడి షరతులు సాధించాయి. ఏటా వచ్చి తనిఖీ చేసే దుకాణం, లెక్కలు చూపించే దుకాణం, ఇరుగుపొరుగు ఒప్పుకున్న దుకాణం కళ్ల ముందు నిలబడింది.

ఇక్కడ కాస్త పక్కదారి పట్టక తప్పదు. లైసెన్సు ఉన్న గంజాయి కొట్టు ఓక్లాండ్‌కు కొత్తేమో గానీ ప్రపంచానికి కాదు, మనకు అసలే కాదు. ఇంగ్లిషువాళ్ల హయాంలో ఎక్సైజు శాఖ గంజాయి దుకాణాలకు లైసెన్సులిచ్చి పన్ను వసూలు చేసేది. గంజాయి తాగి జనం పిచ్చివాళ్లయిపోతున్నారని బ్రిటిషు పార్లమెంటులో గోల పుడితే 1893లో ఒక కమిషన్ వేశారు. అది దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షుల్ని విచారించి, 1894లో మూడువేల పేజీలు దాటిన నివేదిక ఇచ్చింది. పూర్తి నిషేధం అక్కర్లేదు, సాగును అదుపులో పెట్టండి, పన్ను వేయండి, కొట్ల సంఖ్య తగ్గించండి, ఒక మనిషి దగ్గర ఎంత సరుకుండాలో హద్దు పెట్టండి అని చెప్పింది. ఓక్లాండ్ కౌన్సిల్ ఆ నివేదిక చదివిందని నేననను. ఒకే ఇబ్బందికి నూట పదేళ్ల తేడాతో ఒకే రకం జవాబు తట్టింది, అంతే. ఆ జవాబులో ఓ ముక్క మన దగ్గర ఇంకా మిగిలే ఉంది. 1985 నాటి మన మత్తుపదార్థాల చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. విడిగా ఉన్న ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. అందుకే రాజస్థాన్‌లో, ఉత్తరప్రదేశ్‌లో సర్కారు లైసెన్సు బోర్డు తగిలించుకుని భంగు కొట్లు నడుస్తున్నాయి. మన విశాఖ మన్యంలో మాత్రం ఆ మొక్క పేరు చెబితే గుర్తొచ్చేవి పోలీసు దాడులూ, నరికివేతలూ, చెక్‌పోస్టులే.

ఓక్లాండ్ పద్ధతి విలువ తెలియాలంటే లాస్ ఏంజిలిస్ వైపు చూడాలి. అక్కడ 2007 దాకా హద్దు లేదు. ఆ ఏడాది కొత్త దుకాణాలు పెట్టకూడదని తాత్కాలిక నిషేధం పెట్టారు. అయితే ‘మాకు ఇబ్బంది ఉంది, మినహాయించండి’ అని దరఖాస్తు పెట్టుకునే సందు ఒకటి వదిలారు. దరఖాస్తులు గుట్టలు పడ్డాయి. వాటిని కౌన్సిల్ పరిశీలించదు. పరిశీలించలేదు కాబట్టి తిరస్కరించలేదు, తిరస్కరించలేదు కాబట్టి తెరిచేశాం అన్నారు జనం. దుకాణాలు వందల్లోకి వెళ్లాయి. ఎన్నో కేసులు, ఆర్డినెన్సులు గడిచాక 2013లో ఓటర్లు పాత 135 దుకాణాలను మాత్రమే ఉండనివ్వాలని తీర్పు చెప్పారు. తలుపు తీసి పెట్టాక గొళ్లెం కోసం వెతకడం ఎంత ఖరీదో ఆ ఊరికి తెలిసొచ్చింది.

పర్మిట్ తర్వాత పన్ను. ఈ ముచ్చట నాకు భలే ఇష్టం. 2009 దాకా ఓక్లాండ్‌లో గంజాయి దుకాణం కట్టే వ్యాపార పన్ను మామూలు కిరాణా కొట్టు కట్టేదే: వెయ్యి డాలర్ల అమ్మకానికి డాలరూ ఇరవై సెంట్లు. దాన్ని 18 డాలర్లకు, అంటే పదిహేను రెట్లకు, పెంచాలన్న ప్రతిపాదన ‘మెజర్ ఎఫ్’ పేరుతో జనం ముందుకు వచ్చింది. దానికి అందరికన్నా గట్టిగా మద్దతిచ్చింది దుకాణదారులే! మా మీద పన్ను వేయండని వ్యాపారి ఊరేగడం ఎక్కడైనా చూశామా? వాళ్ల లెక్క వాళ్లకుంది. రేపు కేంద్రం వచ్చి మూసేయబోతే, నగర ఖజానాకు గండి పడుతుందని నగరమే అడ్డం నిలబడుతుంది. ఆర్థిక మాంద్యంలో కటకటలాడుతున్న ఊరు జూలైలో 80 శాతం ఓట్లతో సరేనంది. గంజాయి వ్యాపారం మీద ప్రత్యేకంగా పన్ను వేసిన తొలి అమెరికా నగరం అదే. తర్వాతి ఏడాదే ఓటర్లు దాన్ని 5 శాతానికి పెంచారు. అడిగి వేయించుకున్న పన్ను అడగకుండానే పెరిగింది.

కేంద్రం పన్ను సంగతి ఇంకో తీరు. 1981లో మినియాపొలిస్ మత్తుమందుల వ్యాపారి ఒకడు తన ఖర్చుల్ని ఆదాయంలోంచి తగ్గించమని పన్ను కోర్టులో అడిగి గెలిచాడు. ఒళ్లు మండిన అమెరికా కాంగ్రెస్ మరుసటి ఏడాది ‘280ఈ’ అనే సెక్షన్ తెచ్చింది. నిషిద్ధ సరుకు వ్యాపారంలో అద్దె, జీతం, కరెంటు బిల్లు ఏవీ ఖర్చుగా చూపకూడదు. చీకటి వ్యాపారుల కోసం పన్నిన ఆ వల, రసీదులిచ్చి గుమాస్తాలకు జీతాలిచ్చే పర్మిట్ దుకాణాల కాళ్లకు చుట్టుకుంది. దొంగతనంగా అమ్మేవాడికి మాత్రం దాని పేరు కూడా తెలియదు, ఎందుకంటే వాడు లెక్కలే రాయడు.

దుకాణదారులు ఊహించిన రోజు రానే వచ్చింది. 2010లో ఓక్లాండ్ ఉత్సాహం హద్దు దాటి, ఫ్యాక్టరీల్లాంటి నాలుగు భారీ గంజాయి తోటలకు పర్మిట్లు ఇవ్వబోయింది. కేంద్ర అటార్నీ మెలిండా హాగ్ 2011 ఫిబ్రవరిలో ఘాటైన లేఖ రాయడంతో వెనక్కి తగ్గింది. 2012 ఏప్రిల్‌లో ఓక్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. గంజాయి వ్యాపార పాఠాలు చెప్పే బడి అది. ఆ జూలైలో హార్బర్‌సైడ్ వంతు వచ్చింది. నగరం పర్మిట్ పొంది, 2006లో తెరిచి, లక్షకు పైగా రోగుల పేర్లు నమోదు చేసుకున్న దుకాణం. కేంద్రం దుకాణదారుణ్ని అరెస్టు చేయలేదు. ఇంటి యజమాని మీద, నీ భవనాన్ని జప్తు చేస్తామంటూ దావా వేసింది.

అక్టోబరులో ఓక్లాండ్ నగరం ఏకంగా కేంద్ర ప్రభుత్వం మీదే ఎదురు దావా వేసింది. మేం పర్మిట్ ఇచ్చిన దుకాణం అది, మూతపడితే మా రోగులు వీధుల్లో దొంగ సరుకు వెతుక్కోవాలి, మా పన్ను పోతుంది, మా పోలీసుల మీద భారం పడుతుంది అంది. కోర్టు ఆ దావాను కొట్టేసింది. 2015లో అప్పీలు కోర్టు కూడా నగరానికి ఆ హక్కు లేదంది. నగరం ఓడింది, దుకాణం మాత్రం నడుస్తూనే ఉంది. ఈలోగా వాషింగ్టన్‌లో గాలి మారింది. రాష్ట్రాల వైద్య గంజాయి చట్టాల అమలుకు అడ్డుపడేలా డబ్బు ఖర్చు పెట్టొద్దని 2014 చివర్లో కాంగ్రెస్ న్యాయశాఖ చేయి కట్టేసింది. 2016లో కేంద్రం జప్తు కేసును ఉపసంహరించుకుంది.

నగరానికి అంత శక్తి ఉందంటే అది రెండు వైపులా కోసే కత్తే కదా. రివర్‌సైడ్ అనే నగరం మాకు ఒక్క దుకాణమూ వద్దంది. 2013 మేలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దానికి సై అంది. గంజాయి పెంచుకునే హక్కు రోగికి ఉండొచ్చు, దుకాణం పెట్టే స్థలం ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం నగరం ఇష్టమని చెప్పింది. 2016 నవంబరులో 57 శాతం ఓట్లతో వచ్చిన ప్రపొజిషన్ 64 పెద్దలందరికీ గంజాయిని అనుమతిస్తూ, ఆ సూత్రాన్నే చట్టంలో గట్టిగా నాటింది. స్థానిక ఆర్డినెన్సుకు విరుద్ధమైతే రాష్ట్రం లైసెన్సు ఇవ్వకూడదు. ఇంట్లో నాలుగ్గోడల మధ్య ఆరు మొక్కలు పెంచుకోవడాన్ని మాత్రం ఏ ఊరూ ఆపలేదు.

2014 జనవరి 1న పెద్దలకు గంజాయి అమ్మకం మొదలుపెట్టిన కొలరాడోలోనూ ఇదే తంతు. డెన్వర్‌లో తొలిరోజు తలుపు తెరవకముందే క్యూ కట్టారు. ఆ రాష్ట్రంలో రెండో పెద్ద నగరమైన కొలరాడో స్ప్రింగ్స్ మాత్రం పదేళ్లు వద్దు వద్దంటూ కూర్చుని, 2024 నవంబరులో ఓటర్లు చెప్పాక ఒప్పుకుంది.

కాలిఫోర్నియాలో 2018 జనవరి 1న అమ్మకాలు మొదలయ్యాయి. 21 ఏళ్లు నిండాలి, ఒకరికి రోజుకు 28.5 గ్రాములు మించకూడదు, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకానే అమ్మాలి. మూడు రోజులు తిరిగేసరికి, జనవరి 4న, రాష్ట్రాల మానాన రాష్ట్రాలను వదిలేయమన్న పాత ఆదేశాన్ని కేంద్ర న్యాయశాఖ రద్దు చేసింది. అయినా ఏ దుకాణమూ మూతపడలేదు. అసలు అడ్డంకి వేరేచోట ఎదురైంది. రాష్ట్రంలోని నగరాల్లో, కౌంటీల్లో సగానికి పైగా దుకాణాలకు తలుపులు వేశాయి. అయితే ఇంటికి తెచ్చి ఇవ్వొచ్చు కదా అంది రాష్ట్రం. డెలివరీ ఎక్కడికైనా చేయొచ్చని 2019లో నిబంధన పెట్టింది. మా ఊళ్లోకి ఏం రావాలో చెప్పడానికి మీరెవరంటూ 24 నగరాలు కోర్టుకెళ్లాయి. వాటితో కలిసి దావాలో మొదటి పేరుగా నిలిచినది శాంటాక్రజ్ కౌంటీ! ఒకప్పుడు రోగుల పక్షాన కేంద్రంతో కోర్టులో తలపడిన కౌంటీయే. మనసు మార్చుకుందనుకోవడానికి లేదు. అప్పుడూ ఇప్పుడూ దాని వాదన ఒకటే: మా ఊరి సంగతి మేం చూసుకుంటాం.

ఓక్లాండ్ అప్పటికి ఇంకో మెట్టు ఎక్కింది. ఎవరు అమ్మాలో నగరం రాసిస్తున్నప్పుడు, ఇన్నాళ్లూ ఇదే సరుకు అమ్మి జైలుకు పోయినవాళ్లెవరన్న ప్రశ్న కౌన్సిల్ బల్ల మీదికి వచ్చింది. నగరం తన లెక్కలు తీసి చూసుకుంది. జనాభాలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఇంచుమించు సమానం, ముప్పై శాతం చొప్పున. 2015 గంజాయి అరెస్టుల్లో నల్లవాళ్లు 77 శాతం, తెల్లవాళ్లు 4 శాతం. పర్మిట్ దుకాణాల యజమానుల్లో నల్లవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2017 మార్చిలో వచ్చిన ఆర్డినెన్సు ప్రకారం తొలి దశ పర్మిట్లలో సగం ‘ఈక్విటీ’ దరఖాస్తుదారులకు ఇవ్వాలి. ఓక్లాండ్ వాసి అయుండాలి, ఆదాయం తక్కువ ఉండాలి. దానితో పాటు, గంజాయి అరెస్టులు ఎక్కువ జరిగిన పోలీసు బీట్లలో గడిచిన ఇరవై ఏళ్లలో పదేళ్లయినా కాపురముండాలి, లేదా ఓక్లాండ్‌లో గంజాయి కేసులో శిక్ష పడి ఉండాలి. ఆ శిక్షకు ఒక తేదీ పెట్టారు: 1996 నవంబరు 5 తర్వాత. అది ప్రపొజిషన్ 215 గెలిచిన రోజు. రాష్ట్రం గంజాయిని మందుగా ఒప్పుకున్నాక కూడా మా పోలీసులు మీకు బేడీలు వేశారని నగరం ఆ తేదీతో చెప్పకుండానే ఒప్పుకుంది. ఉద్యోగ దరఖాస్తులో దాచిపెట్టుకునే కేసు కాగితం, పర్మిట్ కిటికీ దగ్గర అర్హత పత్రమైంది.

కాగితం దొరికింది గానీ డబ్బు దొరకలేదు. బ్యాంకు అప్పివ్వదు, కేంద్రానికి భయం. ఓక్లాండ్‌లో ఖాళీ గోదాముల అద్దెలు ఆకాశానికెక్కాయి. ఈక్విటీ వ్యాపారికి మూడేళ్లు వెయ్యి చదరపు అడుగుల చోటు ఉచితంగా ఇచ్చే డబ్బున్న దరఖాస్తుదారుకు వరుసలో ముందు చోటు ఇస్తామంది నగరం. దాంతో కొందరు నిజంగా నిలదొక్కుకున్నారు. కొందరికి తాళంచెవి తప్ప ఏమీ దక్కలేదు. పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అన్న బేరాలూ నడిచాయి. పైగా నగదు వ్యాపారం. 2020 మే నెలాఖరులోనూ, 2021 నవంబరులోనూ దొంగలు గుంపులుగా కార్లేసుకుని వచ్చి ఓక్లాండ్ గంజాయి దుకాణాలను, తోటలను ఊడ్చేశారు. మా పన్ను ఎందుకు తీసుకుంటున్నట్టని వ్యాపారులు నగరాన్ని నిలదీశారు. 2009లో ఏ పన్నును వాళ్లే కోరి వేయించుకున్నారో, దాన్ని తగ్గించమని అదే కౌన్సిల్ గుమ్మం ఎక్కారు.

ఓక్లాండ్ ఉన్న సముద్రపు పాయ చుట్టూనే, ఫ్రీమాంట్ నుంచి శాన్‌హోసే దాకా, వేల తెలుగు కుటుంబాలున్నాయి. గ్రీన్‌కార్డు కోసం వరుసలో ఉన్నవాళ్లు, పౌరసత్వం ఇంటర్వ్యూకు తయారవుతున్నవాళ్లు. గంజాయి వ్యాపారంలో ఉద్యోగం చేసినా సరే, రాష్ట్ర చట్టం ప్రకారం అది సక్రమమైనా సరే, పౌరసత్వానికి కావాల్సిన ‘సత్ప్రవర్తన’కు అది అడ్డు కావచ్చని వలస శాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా ప్రకటించింది. దుకాణం సాఫ్ట్‌వేరు రాసే కుర్రాడైనా, లెక్కలు చూసే అకౌంటెంటైనా లాయరును అడిగి మరీ చేరాల్సిన ఉద్యోగం అది. దుకాణం గోడ మీద ఓక్లాండ్ నగరం ముద్రతో, అధికారి సంతకంతో పర్మిట్ వేలాడుతుంటుంది. ఇంటర్వ్యూ చేసే ఫెడరల్ అధికారి ముందు దాన్ని పెడితే, 1998లో బ్రయర్ కోర్టులో ఎంత చెల్లిందో ఈరోజూ అంతే చెల్లుతుంది.